నిలబడి తిన్న తిండి

పొట్ట ఆపరేషన్ చేయించుకుని బెంగళూరు నుంచి వచ్చిన రెండు నెలలకు మా అత్త నా పళ్లెంలో మొదటిసారి సంగటి ముద్ద పెట్టింది. 2007 నాటి సంగతి. అంతవరకు గంజి, మజ్జిగ, మెత్తగా చేసిన పప్పు తాగి బతికాను. ఇక మామూలు తిండి కొంచెం కొంచెంగా తినవచ్చని డాక్టరు చెప్పాడు. అయితే ఏది తిన్నా నోట్లోనే నీళ్లయ్యేదాకా నమలాలని, కూర్చుని తినాలని, తినేటప్పుడు నీళ్లు తాగకూడదని అక్కడి ఆహార సలహాదారు నాకు మూడుసార్లు అప్పజెప్పించింది. అగ్గిపుల్లలాంటి మనిషి. ఆమె జన్మలో ఆకలితో ఒక పూట గడిపి ఉండదు, కడుపునిండా ఒక పూట తిని కూడా ఉండదు.

సంగటి ముద్దను మా వైపు ఎవరూ నమలరు. పళ్లు రాని బిడ్డకు కూడా ఈ విషయం తెలుసు. వేడి ముద్దను వేళ్లతో తుంచి, నిమ్మకాయంత చేసి, చట్నీలో పొర్లించి, నాలుక మీద పెట్టి మింగేస్తాం. అది గొంతు దిగి కడుపులో కూర్చున్నట్టు తెలుస్తుంది. ఆ బరువే మాకు భోజనం. బెంగళూరు డాక్టర్లు కోసి చిన్నది చేసిన నా పొట్ట కోడిగుడ్డంత. అందులో నిమ్మకాయ ఎలా పడుతుంది? అందుకని రేగిపండంత తుంచుకుని నోట్లో పెట్టుకుని నమిలాను.

రాగి ముద్దను నమిలితే ఏమవుతుందో నాకు ఆ రోజే తెలిసింది. చట్నీ కారం ముందే దిగిపోతుంది. మిగిలిన పిండి పంటికి, అంగిటికి, చిగుళ్లకు అంటుకుంటుంది. నాలుకతో తోస్తే ఇంకో చోట అంటుకుంటుంది. గోడకు కాగితాలు అతికించే జిగురును ఎవరో నోట్లో కూరినట్టు ఉంది. నమిలే కొద్దీ ఎక్కువవుతోంది గాని తగ్గడం లేదు.

ఆ రోజు మా ఆయన పెద్దక్క, అంటే మా వదిన, చిలమత్తూరు నుంచి వచ్చి ఉంది. నా ఎదురుగా కూర్చుని మూడో ముద్ద మింగుతోంది. నా దవడలు కదలడం చూసి ఆమె చెయ్యి ఆగిపోయింది.

“అమ్మా, ఈడ సూడు! నీ కోడలు ముద్ద నములుతాండాది!”

మా అత్త వంటింట్లోంచి తొంగి చూసింది. “ముద్ద నమిలేదేందిమే? పండ్లకు పని పెట్టేకి అదేమన్నా సెరుకా?”

“ఎనుము నెమరేస్తాండాదిమా. కడుపు కోసినప్పుడు దవడలకు ఏమన్నా మిషనీ పెట్నారేమో అడుగు.”

నా కొడుకు పకపకా నవ్వాడు. వాడికప్పుడు పదేళ్లు, వాడిని వదిలేయవచ్చు. మా ఆయన నవ్వలేదు. తల పళ్లెంలోకి వంచుకున్నాడు. కాని ఆయన భుజాలు ఊగడం నేను చూశాను. ఆ భుజాలు ఇప్పటికీ నా కళ్ల ముందు ఊగుతాయి.

నాకు రోషం వచ్చింది. నిమ్మకాయంత ముద్ద తుంచి, చట్నీలో అద్ది, వదిన ముఖంలోకి చూస్తూ మింగాను.

అది రొమ్ము ఎముక వెనుక ఆగిపోయింది. లోపల ఎవరో గుండ్రాయి పెట్టి అదుముతున్నట్టు ఉంది. నోట్లో నీళ్లు ఊరాయి. నీళ్లు కాదు, నురగ. తెల్లగా, చిక్కగా, సబ్బు నురగలాగా మింగినా ఆగకుండా ఊరుతూనే ఉంది. లేచి బయటికి పోబోయాను. గడప దాటి రెండు అడుగులు కూడా వేయలేకపోయాను. నురగ, నురగ మధ్యలో చెక్కుచెదరని ముద్ద, అన్నీ వాకిట్లో విడిచిన వదిన చెప్పుల మీద పడ్డాయి. ఆ ఒక్క విషయంలో మాత్రం నాకు ఈ రోజుకూ బాధ లేదు.

ఆ చెప్పుల కథ వదిన ఎన్ని పెళ్లిళ్లలో చెప్పిందో నాకు తెలుసు. చెప్పిన ప్రతిసారీ ఎవరో ఒకరు నా దగ్గరకు వచ్చి మళ్లీ చెప్పారు.

ఆపరేషన్ నేను ముచ్చటపడి చేయించుకున్నది కాదు. అప్పుడు నా బరువు నూట పద్దెనిమిది కిలోలు. గోరంట్లలో మా ఇల్లు, నా బడి పది కిలోమీటర్ల అవతల పల్లెలో. రోజూ ఆటోలో పోవాలి. నేను ఎక్కగానే డ్రైవరు వెనక్కి తిరిగి, “మేడమ్ ఎక్కినాది, ఇద్దురు దిగండప్పా” అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. దిగేవాళ్లు కూడా నవ్వుతూనే దిగేవాళ్లు. ఒకసారి టీచర్ల మీటింగులో నా కింద కుర్చీ విరిగింది. హెడ్మాస్టరు నన్ను లేపలేదు. అటెండరును పిలిచి, “మేడమ్‌కు బండ ఏయప్పా, గవర్నమెంటు కుర్చీలు ఎన్నని ఇరగ్గొడ్తాం” అన్నాడు. ఆ రోజు ఏడుగురు నవ్వారు. వాళ్లలో ఇద్దరు ఇప్పుడు లేరు. ఇద్దరి చావులకూ వెళ్లాను, దండలు వేశాను. ఆ నవ్వు మాత్రం మరచిపోలేదు.

మోకాళ్లు పోయాయి, షుగరు వచ్చింది. మెట్లు ఎక్కితే ఊపిరి ఆడేది కాదు. ఈ బరువుతో యాభై ఏళ్లు దాటడం కష్టమని బెంగళూరు డాక్టరు నా ముఖం మీదే చెప్పాడు. అప్పుడు నాకు నలభై. నా పిల్లలు ఇంకా బడిలో ఉన్నారు. అందుకు ఒప్పుకున్నాను. వదిన మాత్రం, “తిండి తగ్గిచ్చుకోలేక కడుపు కోసుకునేదేందప్పా, ఆ దుడ్లతో రొండు బోర్లు ఏసుకోనుంటే సేనికి నీళ్లన్నా పడుండు” అంది. ఆమె మొగుడు అప్పటికి నాలుగు బోర్లు వేయించి నాలుగింటిలోనూ దుమ్ము చూశాడు. ఆ మాట నేను అనలేదు. అనకుండా దాచుకున్నాను.

ముద్ద కక్కిన రోజు నుంచి నేను వాళ్లతో కలిసి పళ్లెం ముందు కూర్చోవడం మానేశాను. కూర్చుంటే నమలాలి, నమిలితే నవ్వుతారు. అందరికీ వడ్డించి, అందరూ తిని లేచాక వంటింట్లో ఒక చిన్న గిన్నెలో కాస్త పప్పు, ఉసిరికాయంత సంగటి పెట్టుకుని గోడ వైపు తిరిగి నమిలేదాన్ని. వండినవాళ్లు చివర తినడం మా ఇళ్లలో కొత్తేమీ కాదు కాబట్టి ఎవరూ అడగలేదు. నేను కూర్చోవడం లేదని గమనించిన మనిషి కూడా లేడు.

మొదటి సంవత్సరం బరువు దిగింది. ముప్పయ్యారు కిలోలు తగ్గాను. అప్పుడైనా నోళ్లు మూతపడ్డాయా అంటే లేదు. “షుగరు ముదిరిందేమో” అన్నారు. నీళ్ల ట్యాంకరు దగ్గర బిందెల వరుసలో నిలబడితే నా వెనుకే ఇద్దరు ఆడవాళ్లు, “ఆ రోగమేమో, మొగుడు యాడన్నా తిరిగినాడేమో” అని గుసగుసలాడారు. బడిలో నేను నీళ్లు తాగే గ్లాసును పక్కన పెట్టడం మొదలుపెట్టారు. లావుగా ఉన్నప్పుడు నవ్వినవాళ్లే సన్నబడ్డాక నా గ్లాసును ముట్టుకోలేదు. మనుషుల మీద నాకు అసహ్యం పుట్టిందంటే ఊరికే పుట్టలేదు.

రెండో సంవత్సరం జాకెట్లు మళ్లీ బిగుతయ్యాయి. మొదట ఉతుకులో ముడుచుకున్నాయి అనుకున్నాను. తరువాత హుక్కు తెగింది. ఆటో డ్రైవరు ఒక పొద్దున నన్ను చూసి, “ఏం మేడమ్, మళ్లా పెద్దసీటు కావల్నా?” అన్నాడు. ఎనభై రెండుకు దిగిన దాన్ని తొంభై ఆరు దగ్గర తేలాను.

బెంగళూరు వెళ్లాను. కుట్లు ఏవో ఊడిపోయి పొట్ట మళ్లీ సాగిపోయి ఉంటుందని, తప్పు వాళ్లదేనని నా నమ్మకం. గొంతులోంచి గొట్టం వేసి చూశారు. పొట్ట కోసినప్పుడు ఎంత ఉందో అంతే ఉందట. నన్ను మళ్లీ ఆ అగ్గిపుల్ల దగ్గరకు పంపారు. ఆమెది కోలారు వైపు తెలుగు.

“ఏమేం తింటారు మేడమ్?”

“పొద్దున కాఫీ. మధ్యాహ్నం ఉసిరికాయంత ముద్ద, చిన్న గిన్నెడు పప్పు. సాయంత్రం కూడా అంతే.”

“ఇంకా?”

“ఇంకేమీ లేదు.”

“చిరుతిళ్లు?”

“తిననమ్మా.”

ఆమె కాగితం మీద ఏదో రాసి, కలం పక్కన పెట్టి, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. “మేడమ్, అంత తింటే ఇంత పెరగరు. ఇంకా ఏదో తింటాండారు మీరు.”

నన్ను అబద్ధాలకోరు అంది. పద్దెనిమిదేళ్లు పాఠాలు చెప్పిన దాన్ని. బాగేపల్లి దాటేదాకా బస్సులో ఆమెను తిట్టుకుంటూనే ఉన్నాను. ఆసుపత్రి పెద్దకు ఫిర్యాదు రాయాలి అనుకున్నాను. మొదటి వాక్యం, రెండో వాక్యం మనసులో కూర్చుకున్నాను. కాని ఉత్తరానికి విలువ ఏముంది? చింపి పారేస్తారు. కళ్లకు కనపడే రుజువు కావాలి. బస్సు గోరంట్లలో ఆగేసరికి నాకు ఉపాయం తోచింది.

ఇంట్లో మూడు లీటర్ల స్టీలు పాల క్యాను ఉంది, బిగుతు మూతది. ఒక ఆదివారం పొద్దున దాన్ని కడిగి వంటింటి గూట్లో పెట్టాను. ఆ రోజు నా నోట్లోకి ఏది పోతే, సరిగ్గా అంతే ఇంకో వంతు ఆ క్యానులో వేయాలి. మరునాడు దాన్ని బస్సులో తీసుకుపోయి ఆమె బల్ల మీద మూత తీయాలి. ఇదిగో నేను తినేది, క్యాను అడుగు కూడా నిండలేదు, ఇప్పుడు చెప్పు అనాలి. ఒక్క మెతుకు కూడా దాచకూడదని నాకు నేను ఒట్టు పెట్టుకున్నాను. నేను ఒకరికి అన్యాయం చేసే మనిషిని కాను. ఎదుటివాళ్లు చేస్తే ఊరుకునే మనిషినీ కాను.

పొద్దున బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేశాను. ఉప్పు సరిపోయిందా అని ఒక పిడికెడు నోట్లో వేసుకున్నాను. క్యానులో ఒక పిడికెడు వేశాను. పులుపు చూడడానికి ఇంకొక పిడికెడు. పిల్లలు తిన్నారు. నా కొడుకు సగం ఉగ్గాని, ముక్క కొరికిన బజ్జీ వదిలేసి ఆటకు పరిగెత్తాడు. పారేస్తే పాపం కదా, చెయ్యి దానంతట అదే పళ్లెంలోకి పోయింది. నములుతుండగా గుర్తొచ్చి, అంతే ఉగ్గాని, ఇంకో బజ్జీ క్యానులో వేశాను. మా అత్త బిస్కెట్టు ముంచిన కాఫీ గ్లాసు అడుగున మెత్తటి గుజ్జు మిగిల్చింది. అదీ నా నోట్లోకే పోయింది.

వసారాలో అత్త విత్తనానికి వేరుశనగకాయలు ఒలుస్తోంది. వానాకాలం ముందు మా ఇళ్లలో అందరం ఒలుస్తాం. నేనూ పోయి కూర్చున్నాను. పగిలిన గింజ, ముక్కైన గింజ విత్తనానికి పనికి రావు, అవి నోట్లోకి. మధ్యలో బెల్లం ముక్క. గంట తరువాత నాకు క్యాను గుర్తొచ్చింది. ఎన్ని తిన్నానో తెలియదు. నా ముందున్న పొట్టు కుప్పను, నా చాటలో ఉన్న విత్తనాన్ని చూసి అందాజుగా రెండు దోసిళ్లు వేశాను. మంచి గింజలు కూడా కొన్ని పగలగొట్టుకుని తిన్నానని నాకు అనుమానం.

మధ్యాహ్నం పప్పు రుచి, చారు రుచి. గరిటెకు అంటిన అన్నం. అందరూ తిని లేచాక పళ్లేలు. మా ఆయన చారన్నం నాలుగు ముద్దలు వదిలేస్తాడు, పెళ్లైన నాటి నుంచీ అంతే. కూతురుది ఊరగాయ పెరుగన్నం, చీకిన మామిడికాయ టెంక. కొడుకు కోడిగుడ్డులో తెల్లది తిని పచ్చది వదిలేస్తాడు. సంగటి గిన్నె అడుగున అంటిన మాడు చెక్క, నెయ్యి వేసుకుని గోకి తింటే దానంత రుచి ఇంకొకటి లేదు. ఇవన్నీ తిని, అంతే క్యానులో వేశాక నా చిన్న గిన్నెలో ఉసిరికాయంత ముద్ద, పప్పు పెట్టుకుని, ఇదీ నా భోజనం అనుకుంటూ గోడ వైపు తిరిగి నమిలాను.

సాయంత్రం బొరుగులు. వదిన ఎవరి చేతో పంపిన పూర్ణం ఓళిగలో సగం, మిగిలిన సగం ఎండిపోతుందని అది కూడా. పాలగిన్నె అంచుల మీద గోకిన మీగడ.

దీపాలు పెట్టే వేళకు క్యానుకు మూత పట్టలేదు.

చైత్రం ఎండలు కూడా కావు, వైశాఖం ఎండలు. పొద్దుటి ఉగ్గాని మధ్యాహ్నానికే పులిసింది. మూత పక్కన పెట్టి లోపలికి చూశాను. పెరుగు మీద ఊరగాయ నూనె ఎర్రగా, వలయాలు వలయాలుగా తేలుతోంది. బొరుగులు ఉబ్బి జలగల్లా ఉన్నాయి. బజ్జీ తోలు ఊడి మిరపకాయ బయటపడింది. గుడ్డు పచ్చసొన చారులో కరిగి గోధుమరంగు తెట్టు కట్టింది. ఓళిగ పూర్ణం, మాడు చెక్క, వేరుశనగ గింజలు, వాటి మీద చీమలు. పులిసిన పెరుగు వాసన, వెల్లుల్లి వాసన, ఇంకా ఏదో తియ్యటి కుళ్లు. ఎవరో పెద్ద మనిషి పీకల దాకా తిని కక్కి, దాన్ని పాల క్యానులో దాచినట్టు ఉంది.

ఇదంతా నా లోపల కూడా ఉంది. ఇదే వేడిలో, ఇలాగే కలిసిపోయి ఉంది. అందులో సగం ఇంకొకరి నోట్లోంచి వచ్చింది, ఇంకొకరి వేళ్లు పిసికింది. ముద్ద ఒక్కటి మింగితే గుండ్రాయిలా అడ్డుపడే నా పొట్టలోకి ఇంతా ఎలా పోయిందంటే, ఇవన్నీ మెత్తనివి, నానినవి, ఒకరు అప్పటికే కొరికినవి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కొంచెం కొంచెంగా, ఎక్కడా తగలకుండా జారిపోయాయి. ఆ రోజు నాకు నురగ రాలేదు. ఒక్క వాంతి కూడా కాలేదు. వచ్చి ఉంటే బాగుండేది.

మా అత్త వాసన పట్టుకుని వచ్చింది.

“ఏందిమే ఇది? ఎనుముకు కుడితా?”

“నేను తిన్నదత్తా. పొద్దున్నుంచి.”

అత్త క్యానులోకి చూసింది, నా ముఖంలోకి చూసింది. “నువ్వు యాడ తిన్యావు? పొద్దున్నుంచి నిలబడుకోనే ఉండావు. నేను సూస్తానే ఉండా గదా, ఆ ఇంత గిన్నెలో గోరంత తిన్యావు. ఇంగొంచెం తిను అని నేనే సెప్పల్ల అనుకుంటాండా.”

ఆమె వేళాకోళానికి అనలేదు. నిజంగానే నమ్మి అంది. నేనూ అంతే నమ్మి బెంగళూరులో చెప్పాను. మా ఇళ్లలో పళ్లెం పెట్టుకుని కూర్చుంటేనే ఆడది తిన్నట్టు. అంతవరకు “తిన్యావా?” అని ఎవరు అడిగినా “ఇంగా లేదు” అంటాం. ఉప్పు చూసింది తిండి కాదు. గిన్నె గోకింది తిండి కాదు. పిల్లల పళ్లెంలోది పాపం తగలకుండా చేసే పని, అదీ తిండి కాదు.

క్యాను బెంగళూరుకు తీసుకుపోలేదు. పెరట్లో గుంత తీసి పూడ్చాను. ఆహార సలహాదారును క్షమించానని ఎవరూ అనుకోవద్దు. ఆమె చెప్పింది నిజమే కావచ్చు. చెప్పిన తీరు మాత్రం సరైంది కాదు. పళ్లేలు ఎవరు కడుగుతారు, గిన్నె ఎవరు గోకుతారు అని ఒక్క మాట అడిగి ఉంటే నేనే చెప్పేదాన్ని.

మరునాటి నుంచి రెండు పనులు చేశాను. వంట కాగానే, ఇంట్లో ఎవరూ తినకముందే, నా గిన్నెలో నాకు కావలసింది పెట్టుకుని నడవలో పీట మీద కూర్చుని తిన్నాను. ముందు గుడ్డు లేదా పప్పు, తరువాత ఉసిరికాయంత ముద్ద, దాన్ని జిగురైతే జిగురవనీ అని నమిలాను. ఇరవై నిమిషాలు పట్టేది. రెండోది, ఎవరి పళ్లెంలో ఏం మిగిలినా ముట్టుకోలేదు. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఎనుము తొట్టిలో దులిపేశాను. దులిపేటప్పుడు చేతి వేళ్లు ముడుచుకునేవి. నోట్లో నీళ్లూరేవి, ఆ వెంటనే క్యాను వాసన గుర్తొచ్చి ఉమ్మేసేదాన్ని. రెండూ ఒకేసారి జరిగేవి. నాకు నా మీద అంత రోత ఎన్నడూ పుట్టలేదు.

మా అత్తకు మొదటిది అమర్యాద, రెండోది మహాపాపం.

“మొగోడు తినకముందే పీటేసుకోని కూచ్చునేది మా వంశంలో లేదు” అంది మొదటి రోజు. రెండో రోజు నేను తొట్టిలో అన్నం వేస్తుంటే నా చెయ్యి పట్టుకుంది. “కరువు సూడనోళ్లు మీరు. మేము గంజి కేంద్రం కాడ సట్టి పట్టుకోని లైన్లో నిలబడినోళ్లం. సింతగింజలు ఉడకబెట్టుకోని తిన్యాం. ఈ పొద్దు నువ్వు తెల్లన్నం ఎనుముకు ఏస్తాండావు.”

“ఎనుముకు పోతే పాలైతాయత్తా. నాకు పోతే ఏమైతాదో సూస్తానే ఉండావు గదా.”

“పోనీ లే. నేను తింటా.”

నిజంగానే తింది. ఆ పూట నుంచి అందరూ లేచాక మా అత్త పళ్లేల ముందు కూర్చునేది. డెబ్బై ఏళ్ల మనిషి, ముందు పళ్లు నాలుగే ఉన్నాయి. మనవడు వదిలిన పచ్చసొన, కొడుకు వదిలిన చారన్నం ఒకే పళ్లెంలోకి ఒత్తుకుని, చిగుళ్లతో నలుపుతూ, నన్నే చూస్తూ తినేది. గడ్డం మీద చారు కారేది. తుడుచుకునేది కాదు. నేను ఎదురుగా నిలబడి చూడాలని ఆమె ఉద్దేశం. నేను “వద్దత్తా, నేను తింటాలే” అంటాననే ఆమె నమ్మకం. నా నోటి దాకా ఆ మాట రోజూ వచ్చింది. ఆ మాట ఒక్కసారి అంటే మళ్లీ తొంభై ఆరు, మళ్లీ నూట పద్దెనిమిది, ఆ తరువాత డాక్టరు చెప్పిన యాభై ఏళ్లు. నేను పళ్లు బిగబట్టుకుని చూస్తూ నిలబడ్డాను. మా ఇద్దరిలో ఎవరు ఎక్కువ మొండివాళ్లో నాకు ఇప్పటికీ తెలియదు.

ఏడెనిమిది రోజులకు ఆమెకు కడుపు పాడైంది. రెండు పూటలు పెరటికీ మంచానికీ తిరిగింది. సెలైన్ పెట్టించుకుని వచ్చాక మా ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి నా మీద అరిచాడు. పెళ్లైనప్పటి నుంచి అలా అరిచిన మనిషి కాదు.

“మాయమ్మ సేత ఎంగిలి తినిపిస్తాండావు నువ్వు! సిగ్గు లేదా నీకు? ముసలామె అందరి ఎంగిలి తింటా ఉంటే నిలబడి సూస్తాండావంట!”

నేను అప్పుడు ఉల్లిగడ్డలు కోస్తున్నాను. కత్తిపీట పక్కకు వంచి లేచాను.

“ఎనిమిది దినాలు తినింది మీయమ్మ. పదహారేండ్లు తినింది నేను. ఇన్నేండ్లలో ఒక్క దినమన్నా మీకు సిగ్గేసిందా?”

ఆయన మంచం వైపు చూశాడు. నేను ఆపలేదు.

“మీరు వదిలేసే చారన్నం నాలుగు ముద్దలు ఎవురి కడుపులోకి పోతాండాయని ఏ పొద్దన్నా అడిగినారా? కడుపు కోపిచ్చుకోని వచ్చినాక కూడా అవి నేనే తింటాంటి. అప్పుడు ఎంగిలి కాదా అది?”

మంచం మీద నుంచి మా అత్త మూలుగు ఆగిపోయింది. వింటోందని తెలిసింది. మా ఆయన గుమ్మం వదిలి బయటికి వెళ్లిపోయాడు. క్షమించమని అనలేదు. ఆయన అనడు, నేను అడగలేదు. ఆ రాత్రి భోజనానికి మాత్రం అన్నం రెండోసారి వడ్డించబోతే పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టాడు. లేచేటప్పుడు పళ్లెంలో ఏమీ లేదు. కొడుకు పచ్చసొన వదిలేసి లేవబోతే, “కూచ్చోరా, అది తిని లెయ్” అన్నాడు. వాడు ఏడుపు ముఖంతో మింగాడు. పాపం అనిపించింది గాని ఊరుకున్నాను. ఆ రోజు ముద్ద నమిలినప్పుడు వాడూ నవ్వాడు.

మరో రెండు రోజులకు మా అత్త లేచి తిరగగలిగింది. పొద్దున్నే పొయ్యి మీద ఎసరు కాగుతోంది. సంగటి ఎప్పుడూ ఆమే కెలుకుతుంది, పిండి కొలత కూడా ఆమెదే. ఆ కొలత ఆమె కాపురానికి వచ్చిన నాటిది, పదకొండుమంది తిన్న ఇంటిది. ఇప్పుడు ఐదుగురమే ఉన్నా వచ్చేవాళ్లు పోయేవాళ్లు అని అంతే పోసేది, అంతే మిగిలేది. ఆ పొద్దున ఆమె చాటలో రాగిపిండి పోసుకుని, కాసేపు చూసి, రెండు పిడికిళ్లు తీసి మళ్లీ డబ్బాలో వేసింది. నా వైపు తిరగకుండానే అంది.

“రొండు పిడికిళ్లు తగ్గిచ్చినా. సాలునా నీకు?”

ఆ గొంతులో కోపమే ఉంది. కడుపు కోసుకున్న కోడలి వల్ల పొయ్యి మీద పిండి తగ్గించాల్సి వచ్చిందన్న అవమానం కూడా ఉంది. నేను పీట వాల్చుకుంటూ చాటలోకి చూశాను.

“ఇంగొక పిడికిలి ఎక్కువుండాదత్తా.”

మా అత్త చివ్వున నా వైపు తిరిగింది. ఎసరు పొంగి పొయ్యిలోకి చిమ్మింది. ఆమె చాటలో చెయ్యి పెట్టి, ఇంకొక పిడికెడు తీసి, డబ్బాలో వేసి, మూత గట్టిగా కొట్టింది.